పటమటలో మంచుబండి వైద్యం

పిల్లలూ! మా పటమటలో మంచు కురవదు. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. పెద్దవాళ్ళు చెవులకు మఫ్లర్లు చుట్టుకుని పాలపాకెట్ల కోసం బయలుదేరుతారు. ఏ రాత్రి అయినా 15 డిగ్రీలకు దిగిందంటే బెజవాడ అంతా గజగజ వణికినట్టే లెక్క. అటువంటి ఊళ్ళో పుట్టి పెరిగి, మంచుగడ్డను సోడా గ్లాసులో తప్ప ఎరగని ఒక మెకానిక్కు, ఎక్కడో అమెరికాలో గడ్డకట్టిన సరస్సు మీద మొరాయించే బండికి రోగం కనిపెట్టగలడా? మా బాబాయి కనిపెట్టాడు. అది ఎలా జరిగిందో చెబుతాను. అయితే ముందుగా ఆ బండి సంగతీ, చలి సంగతీ కొంచెం తెలియాలి. అవి తెలియకపోతే ఇందులో తమాషా బోధపడదు.

ఆ బండిని స్నోమొబైల్ అంటారు. మనం మంచుబండి అందాం. దానికి ముందు చక్రాల బదులు రెండు స్కీలు, అంటే కొనలు పైకి వంచిన పొడుగాటి బద్దలు ఉంటాయి. వెనక యుద్ధ టాంకుకు ఉన్నట్టుగా వెడల్పాటి రబ్బరు పట్టా తిరుగుతుంది. మోటారుసైకిలు మీద కూచున్నట్టే కూచుని నడుపుతారు. చక్రం మెత్తటి మంచులో దిగబడిపోతుంది. పట్టా మట్టుకు బరువును వెడల్పుగా పరుస్తుంది గనక దిగబడదు. వరికోతల వేళ తడిపొలంలోకి చైను మిషను దిగటం కృష్ణా జిల్లా పిల్లలు చూసే ఉంటారు. ఇదీ ఆ ఉపాయమే.

ఈ బండి పుట్టుక వెనక ఒక దుఃఖం ఉన్నది. కెనడా దేశంలో, క్విబెక్ రాష్ట్రంలో, వాల్‌కోర్ట్ అనే చిన్న ఊళ్ళో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్కు ఉండేవాడు. ఆ రోజుల్లో చలికాలం వస్తే అక్కడి రోడ్లు మంచులో మునిగిపోయేవి. 1934 చలికాలంలో అతని పసికొడుక్కు కడుపులో జబ్బు చేసింది. ఆసుపత్రికి తీసుకుపోయే దారి లేక పిల్లవాడు చనిపోయాడు. బొంబార్డియర్ అంతకు ముందునుంచే మంచు మీద నడిచే బండి కోసం పాటుపడుతున్నాడు. కొడుకు పోయిన తరవాత పట్టు విడవకుండా పనిచేసి, 1937లో తన పట్టా యంత్రానికి పేటెంటు పొందాడు. ఏడుగురు కూచునే అతని బండ్లు మంచుదారుల్లో ఎందరికో ఉపయోగపడ్డాయి. 1959లో, ఒకరిద్దరు ఎక్కి పోగల చిన్న మంచుబండిని కూడా అతను తయారుచేశాడు.

కాని బండి ఉంటే చాలదు, అది చలిలో నడవాలి. ఇంగ్లీషువాడైన స్కాట్ దక్షిణ ధ్రువానికి బయలుదేరినప్పుడు అంటార్కిటికాకు మూడు మోటారు స్లెడ్జిలు తీసుకుపోయాడు. ఓడనుంచి దించుతూండగానే, 1911 జనవరిలో, ఒక స్లెడ్జి మంచుపలక విరిగి సముద్రంలో మునిగిపోయింది. మిగిలిన రెండూ 1911 అక్టోబరు 24న సామాను లాక్కుంటూ బయలుదేరాయి. చుట్టూ అంత చలి ఉన్నా ఇంజన్లు వేడెక్కిపోయాయి! అవి గాలితో చల్లబడవలసిన ఇంజన్లు. బరువేమో ఎక్కువ, నడకేమో తక్కువ. అందుచేత ఆపి చల్లబరచవలసి వచ్చేది. చల్లబడేసరికి కార్బురేటరు మరీ చల్లబడిపోయి, మళ్ళీ స్టార్టు చెయ్యటం గండంగా ఉండేది. పది రోజులు తిరగకుండానే రెండు బండ్లూ మూలపడ్డాయి. వాటి సామాను నలుగురు మనుషులు తామే లాగవలసివచ్చింది.

ఈనాడు మన దేశంలో కూడా మంచుబండ్లు ఉన్నాయి. కాశ్మీరులో గుల్మార్గ్‌కు వెళ్ళేవాళ్ళు సరదాకి ఎక్కుతారు. సియాచిన్ హిమానీనదం మీద మన సైనికులు అవసరానికి వాడుకుంటారు. అంటార్కిటికాలో 1989లో ఏర్పడిన మన మైత్రి కేంద్రంలో పనిచేసిన వాళ్ళలో హైదరాబాదు భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు. అటువంటిచోట ఇంజను ఆగిపోవటమంటే చిన్న విషయం కాదు.

సరే, చలికీ ఇంజనుకూ పడకపోవటం ఎందువల్ల?

పెట్రోలు ఇంజను మూడే అడుగుతుంది: పెట్రోలు ఆవిరి, గాలి, నిప్పురవ్వ. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలటానికి దాదాపు 15 గ్రాముల గాలి కావాలి. ఈ రెంటినీ సరిపాళ్ళలో కలిపేది కార్బురేటరు. నిప్పురవ్వ పుట్టించేది స్పార్కు ప్లగ్గు. మూడూ వేళకు అందితే ఇంజను నడుస్తుంది. ఏ ఒక్కటి లోపించినా ఆగిపోతుంది. చలి ఈ మూడింటికీ అడ్డు తగులుతుంది.

మొదట ఇంజను తిరగాలి గదా! చలికాలం ఉదయాన మీ ఇంట్లో కొబ్బరినూనె సీసా చూడండి. 24 డిగ్రీలకు దిగువన అది పేరుకుపోతుంది. అమ్మ దాన్ని ఎండలో పెడుతుంది. ఇంజనులో నూనె అంత త్వరగా గడ్డకట్టదు గాని, గట్టి చలిలో అదీ ఆముదంలా చిక్కబడుతుంది. అప్పుడు ఇంజనును తిప్పటానికి ఎక్కువ బలం కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే బ్యాటరీ నీరసిస్తుంది. సున్నాకు కింద 18 డిగ్రీలంటే, మన ఇళ్ళలో ఫ్రిజ్జు పై అరలో ఉండే చలి. ఆ చలిలో బ్యాటరీ బలం సుమారు సగానికి పడిపోతుంది. పని రెట్టింపు, బలం సగం!

డీజిలుకు మరో చిక్కున్నది. అందులో కొవ్వొత్తి మైనం వంటి పదార్థం కొంత ఉంటుంది. చలికి అది పేరుకుని గొట్టాలకు అడ్డుపడుతుంది. అందుకే 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ, సున్నాకు కింద 33 డిగ్రీలలో కూడా పారగల ప్రత్యేకమైన డీజిలును లడాఖ్‌కు పంపటం మొదలుపెట్టింది.

పెట్రోలు అంత సులువుగా గడ్డకట్టదు. కాని కాలేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. తడిబట్ట ఎండలో ఆరినంత త్వరగా ముసురులో ఆరదు గదా! అలాగే చలిలో పెట్రోలు ఆవిరి కావటం తగ్గిపోతుంది. అందుకే చోకు లాగుతారు. చోకు లాగితే గాలి తగ్గి, పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. అందులో కొంత ఆవిరైనా ఇంజను అంటుకుంటుంది. అలా అని అదే పనిగా చోకు లాగి ఉంచితే ప్లగ్గు పెట్రోలులో తడిసిపోయి, రవ్వ పుట్టదు. ఇక పెట్రోలులో నీటిచుక్క కలిసిందా, అది మంచుపూస అయి సన్నటి గొట్టంలో బిరడాలా కూచుంటుంది.

ఇంతవరకూ తెలిసింది గనక, ఇప్పుడు మా బాబాయి వద్దకు వద్దాం.

పటమట పక్కనే ఆటోనగర్ ఉన్నది. అది 1966లో ఏర్పడింది. ఎక్కడెక్కడి లారీలూ అక్కడికి వస్తాయి. ఇంజను విప్పేవాళ్ళూ, బాడీ కట్టేవాళ్ళూ, కమానుపట్టీలు వంచేవాళ్ళూ, రంగులు వేసేవాళ్ళూ వీధికొకరుగా ఉంటారు. మా బాబాయి పదో తరగతి కాగానే అక్కడ ఒక కొట్టులో పనికి కుదిరి, నలభై ఏళ్ళకు పైగా ఇంజన్ల పనే చేశాడు.

మా అక్కయ్య కొడుకు అమెరికాలో మినసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. వేల కొద్దీ సరస్సులున్న రాష్ట్రం అది. చలికాలం ఆ సరస్సులు గడ్డకడతాయి. జనం మంచుబండ్ల మీద సరస్సు మధ్యకు పోయి, గడ్డకు చిల్లు పొడిచి, చేపలు పడతారు. 2019 జనవరి నెలాఖరున ఆ రాష్ట్రంలో మినియాపొలిస్ నగరంలో సున్నాకు కింద 33 డిగ్రీలదాకా దిగింది. ఆ చలికాలమే మావాడు ఒక పాత మంచుబండి కొన్నాడు.

ఆ బండికి ఒక వింత జబ్బు ఉండేది. ఇంట్లో బాగా స్టార్టయ్యేది. సరస్సు మధ్యకు పోయేసరికి ఆగిపోయేది. మొదటిసారి పొరుగాయన తన బండికి కట్టి లాక్కొచ్చాడు. కొట్టులో ఇస్తే ప్లగ్గులు మార్చారు. రెండోసారి మళ్ళీ ఆగింది. మళ్ళీ కొట్టులో ఇస్తే కార్బురేటరు కడిగారు. మూడోసారి ఆగినప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేరు. మావాడు ఆ చలిలో మూడు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరాడు. అప్పటికే కాలివేళ్ళు తెల్లబడి, స్పర్శ పోయింది. ఇంకొంచెంసేపు బయట ఉంటే రెండు వేళ్ళు దక్కేవి కావని డాక్టరు అన్నాడట.

ఆ ఆదివారం రాత్రి ఏడున్నరకు వాడు మా ఇంటికి ఫోను చేశాడు. అక్కడ ఉదయం ఎనిమిది గంటలు. అక్కయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఆ పాడుబండి అమ్మెయ్యమని చెప్పు బాబాయ్!" అన్నది.

"అమ్మితే కొన్నవాడు చలిలో చిక్కుకుంటాడు గదమ్మా! ముందు రోగం కనుక్కుందాం," అని బాబాయి ఫోను అందుకున్నాడు.

"తాతయ్యా, ప్లగ్గులు మార్చారు, కార్బురేటరు కడిగారు, ఇంకా..." అని మావాడు మొదలుపెట్టాడు.

"ఏం మార్చారో తరవాత చెబుదువుగాని. బండి ఏం చేస్తున్నదో చెప్పు. స్టార్టు కావటానికి ఎన్నిసార్లు తాడు లాగాలి?"

"రెండు మూడు లాగులకే అవుతుంది."

"ఎంతసేపు నడుస్తుంది?"

"పది నిమిషాలు, పావుగంట."

"ఆగేటప్పుడు స్విచ్చి కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగుతుందా? లేక దగ్గి దగ్గి ఆగుతుందా?"

మావాడు కాస్త ఆలోచించి, "దగ్గుతుంది తాతయ్యా. పట్టు తగ్గిపోయి, దగ్గి, అప్పుడు ఆగుతుంది," అన్నాడు.

"ఆగగానే ప్లగ్గు విప్పి చూశావా? తడిగా ఉందా, పొడిగా ఉందా?"

"మొన్న చూశాను. పొడిగా ఉంది."

"కాసేపు ఆగి మళ్ళీ లాగితే?"

"స్టార్టవుతుంది. ఒక నిమిషం నడిచి మళ్ళీ ఆగిపోతుంది."

"కొట్టులో ఎలా ఉంటుంది?"

"అక్కడ గంటసేపు నడిపినా ఆగదు. ఆ కొట్టులో హీటర్లు ఉంటాయి, వెచ్చగా ఉంటుంది."

బాబాయి నవ్వి నావైపు తిరిగి, "విన్నావా అమ్మాయ్! రోగం చలిలోనే ఉంటుంది, వెచ్చటిచోట మాయమైపోతుంది. కొట్టువాళ్ళకు రోగం కనబడితే గదా, మందు వేసేది!" అన్నాడు.

బాబాయి ఎలా ఆలోచించాడో మీరూ గమనించండి. రెండు లాగులకే స్టార్టవుతున్నదంటే, నిప్పురవ్వ ఉన్నట్టే, గాలీ ఉన్నట్టే. నిప్పురవ్వ పోతే ఇంజను చాలా వరకు ఠక్కున ఆగుతుంది. పెట్రోలు కరువైతే దగ్గి ఆగుతుంది. పైగా ప్లగ్గు పొడిగా ఉన్నది. కాబట్టి లోపించింది పెట్రోలే. టాంకులో పెట్రోలు ఉన్నది, కాని కిందికి రావటంలేదు. వెచ్చటిచోట వస్తుంది, చలిలో రాదు. కాబట్టి దారిలో ఎక్కడో మంచు అడ్డుపడుతున్నది. ఎక్కడ? రెండుచోట్ల అడ్డుపడవచ్చు. పెట్రోలు వచ్చే గొట్టంలో అన్నా పడాలి, టాంకులోకి గాలి పోయే దారిలో అన్నా పడాలి.

"టాంకులోకి గాలి ఎందుకు?" అని మీరు అడగవచ్చు. నూనె డబ్బాకు అమ్మ ఎప్పుడూ రెండు చిల్లులు పొడుస్తుంది. ఒక చిల్లే పొడిస్తే నూనె కాస్త కారి ఆగిపోతుంది. బయటికి వచ్చిన నూనె చోటులోకి గాలి పోవాలి. పోకపోతే లోపల గాలి పలచబడి, నూనెను వెనక్కు పట్టి ఉంచుతుంది. టాంకుకు కూడా అటువంటి రెండో చిల్లు ఉంటుంది. కొన్ని బండ్లకు అది మూతలో ఉంటుంది, కొన్నిటికి సన్నటి గొట్టం ఉంటుంది.

బాబాయికి వెంటనే ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. ఒకప్పుడు కంకిపాడునుంచి ఒక రైతు మోపెడ్ నెట్టుకుంటూ వచ్చాడు. దానికీ ఇదే జబ్బు. కొంత దూరం నడిచి ఆగేది, కాసేపు ఆగితే మళ్ళీ నడిచేది. చూడగా, టాంకు మూత చిల్లులో కందిరీగ మట్టితో గూడు కట్టింది! పుల్లతో ఆ మట్టి తీసెయ్యగానే జబ్బు కుదిరింది.

"ఒరే అబ్బాయ్, ఇప్పుడు ఏదీ మార్చవద్దు," అన్నాడు బాబాయి. "నీ పొరుగాయన్ను వెంటబెట్టుకుని, ఒడ్డు పక్కనే నడుపు. దూరం పోకు. బండి ఆగిన తరవాత, చేతికి తొడుగు వేసుకుని, టాంకు మూత మెల్లగా వదులుచెయ్యి. చుట్టుపక్కల నిప్పు ఉండరాదు. సుయ్ మని గాలి లోపలికి పీల్చుకుని, ఆపైన బండి ఆగకుండా నడిచిందా, గాలి దారి మూసుకున్నట్టు. అలా జరగకపోతే, పెట్రోలు గొట్టంలో మంచు ఉన్నట్టు."

ఆ రాత్రి మాకెవరికీ నిద్ర పట్టలేదు. పదకొండు దాటాక ఫోను మోగింది.

"తాతయ్యా! సుయ్ మన్నది!" అని అరిచాడు మావాడు.

మూత బిగించకుండా లాగితే, రెండో లాగుకే బండి స్టార్టయి, ఆగకుండా నడిచిందట. తరవాత విప్పి చూస్తే సంగతి తెలిసింది. పట్టా ఎగరగొట్టిన మంచుపొడి టాంకు గాలిగొట్టం మూతి దగ్గర చేరుతున్నది. ఇంజను వేడికి అది కరిగి నీరవుతున్నది. ఆ నీరు చలిగాలికి గొట్టంలోనే మళ్ళీ గడ్డకడుతున్నది. గడ్డ పక్క సన్నటి సందులోంచి గాలి మెల్లిగా దూరుతుంది గనకనే, కాసేపు ఆగితే బండి ఒక నిమిషం నడిచేది. మావాడు గొట్టాన్ని ఆరబెట్టి, మంచుపొడి తగలనిచోటికి దాని మూతిని మార్చి కట్టాడు. ఆ చలికాలంలో బండి మళ్ళీ మొరాయించలేదు.

ఇక్కడ కందిరీగ మట్టి, అక్కడ మంచు. అడ్డుపడిన వస్తువు వేరు, జబ్బు మట్టుకు ఒకటే. బాబాయి మంచును ఎరగడు గాని, ఇంజను ఏమడుగుతుందో ఎరుగును. ఏ వస్తువు మార్చాలా అని ఆయన ఆలోచించలేదు. మూడింటిలో ఏది అందటంలేదని వరసగా అడిగాడు. ఒక్కొక్క జవాబుతో ఒక్కొక్క అనుమానం కొట్టేస్తూ పోయి, చివరకు రెండే మిగిలినప్పుడు, ఆ రెంటినీ వేరుచేసే ఒకే ఒక పరీక్ష చెప్పాడు.

బాబాయి ఫోను పెట్టెయ్యబోయే ముందు మావాడికి మరికొన్ని మాటలు చెప్పాడు. చలిదేశాల్లో ఉన్న మీ అన్నయ్యలకూ అక్కయ్యలకూ అవి పనికివస్తాయి. ఎంత మంచి బండి అయినా, గడ్డకట్టిన సరస్సు మీదికి ఒంటరిగా పోరాదు. ఇంజనును వేడిచెయ్యటానికి మంట పెట్టరాదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు; పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడు వాయువుకు రంగూ వాసనా లేవు, అది ప్రాణం తీస్తుంది. అంత చలిలో పెట్రోలు చేతిమీద ఒలికితే, మంచుకన్న చల్లగా ఉండి, క్షణంలో చర్మాన్ని గడ్డకట్టిస్తుంది. అందుచేత తొడుగు లేకుండా దాన్ని ముట్టరాదు.

పిల్లలూ, మీరు పెట్రోలు జోలికి పోనక్కరలేదు. ఈ తమాషాను నీళ్ళతోనే చూడవచ్చు. ఒక ప్లాస్టిక్ సీసా అడుగున, పెద్దవాళ్ళ చేత, సూదితో చిన్న చిల్లు పెట్టించండి. చిల్లును వేలితో మూసి, నిండా నీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించండి. ఇప్పుడు వేలు తియ్యండి. సీసాను నొక్కకుండా పట్టుకుంటే నీళ్ళు నిలిచిపోతాయి. మూత కాస్త వదులు చెయ్యండి. నీళ్ళు జివ్వున చిమ్ముతాయి. మళ్ళీ బిగిస్తే మళ్ళీ ఆగుతాయి. మీ తమ్ముడికో, చెల్లెలికో దీన్ని చూపించి, నీళ్ళు ఎందుకు ఆగాయో వాళ్ళనే అడగండి. జవాబు మట్టుకు వెంటనే చెప్పెయ్యకండి.